గుండె లేనోళ్ల గోలీలు

2006 జూలై 3, సోమవారం

మహారాజశ్రీ డైరీ గారి సముఖానికి, అయిజ వాస్తవ్యుడు, బీఎస్సీ ద్వితీయ శ్రేణిలో ఉత్తీర్ణుడు అయిన నాగేశు సాష్టాంగపడి సమర్పించుకునే క్షమాపణ పత్రం.

అయ్యా, తమరు ఏ గుండె డాక్టరు బల్ల మీదనో ఉండవలసినవారు. మందుల కంపెనీ వాళ్లు ప్రతి పేజీ మూలనా ఎర్రటి గుండె అచ్చేసి మరీ పంపారు. విధి వక్రించి నా చేతిలో పడ్డారు. ఇకమీదట తమరి ఒంటి మీద ముసలివాళ్ల దగ్గులు, మలబద్ధకాలు, నా ఉప్మా మరకలు తప్ప మరేమీ పడవు. నేను రాసిన అబద్ధాలకు, రాయబోయే అబద్ధాలకు, తెలుగు భాషకు జరగబోయే నష్టానికి ముందే చెంపలు వేసుకుంటున్నాను. ఆరు నెలల ఖాళీ పేజీలు దాటి జూలైలో మొదలుపెడుతున్నందుకు మాత్రం క్షమాపణ లేదు. నా బతుకూ అట్లాగే మొదలైంది.

ఉద్యోగంలో చేరి మూడు వారాలు. వనపర్తి ఊరి బయట, ఒక ట్రస్టు వాళ్ల ముసలివాళ్ల ఇల్లు. ఇరవై రెండు మంది. ట్రస్టు వాళ్లకు ఎవరు చెప్పారో, బోర్డు మీద 'వృద్ధుల నర్సింగ్ హోమ్' అని రాయించారు. 'వృద్ధుల' అన్న ముక్క చిన్నక్షరాల్లో ఉంది. అందువల్ల ఈరోజు నొప్పులు పడుతున్న ఒక ఆడమనిషిని ఆటోలో తీసుకొచ్చారు. మా ఆయమ్మ రుక్కమ్మ గేటు దగ్గర నిలబడి, "గిది ఆ నర్సింగ్ హోమ్ కాదు బిడ్డా. ఈడ పుట్టుడుండదు, పోవుడే. జల్ది పాలిటెక్నిక్ దిక్కున్న దవాఖానకు పోనియ్" అంది.

ఇంత గొప్ప పరిచయ వాక్యం నేను జన్మలో రాయలేను.

జూలై 4, మంగళవారం

డాక్టరు సారు నెలకు ఒకసారి, మొదటి మంగళవారం వస్తాడు. ఇరవై రెండు మందిని నలభై నిమిషాల్లో చూశాడు. చూశాడంటే, నేను ఫైలు తెరుస్తాను, సారు 'కంటిన్యూ' అని రాస్తాడు, నేను మూస్తాను. పోయిన నెల ఏ మందో ఈ నెలా అదే మందు.

భీమమ్మ దగ్గర మాత్రం బండి ఆగింది. భీమమ్మది ఉప్పునుంతల దిక్కు. బొంబాయిలో, పూనాలో తట్టలు మోసి మోసి వచ్చిన మనిషి. డెబ్బై ఐదో, ఎనభయ్యో. ఏడేళ్ల కింద ఒకసారి ఛాతీలో నొప్పి వస్తే పెద్ద దవాఖానలో మూడు రకాల గుండెగోలీలు రాశారట. అప్పటి నుంచి నొప్పి రాలేదు. గోలీలూ పోలేదు.

"సారూ, గీ గోలీలు ఎందుకు?" అంది.

"గుండెకమ్మా."

"నా గుండెకేమైంది?"

"ఏం కాలేదు. కాకుండా ఉండాలని."

"అంటే రాని రోగానికా?"

"అవును."

"మంచిగున్న గుండెకే మూడు గోలీలంటే, గుండె లేనోళ్లకెన్ని ఇస్తరు సారూ?"

హాలంతా నవ్వింది. సారు కూడా నవ్వి, కంటిన్యూ అని రాశాడు.

నాలోని ధన్వంతరి నిద్ర లేచాడు. "సార్, అవ్వకు కండ్లు తిరుగుతున్నాయి. ఈ మూడు వారాల్లో రెండుసార్లు కింద పడింది. ఒక గోలి తగ్గిస్తే..."

"ఏం చదివినవ్?"

"బీఎస్సీ సార్. బాటనీ."

"అయితే పోయి ఆ చెట్లకు నీళ్లు పట్టు."

పట్టాను.

జూలై 6, గురువారం

ఇక్కడ గోలీలు పంచే పద్ధతి చరిత్రలో నిలిచిపోవలసినది. ఇదివరకు రుక్కమ్మ గోలీలు ఒలిచి చేతిలో పెట్టేదట. నర్సింహులు తాత మింగనన్నాడు. ఆయనది తిమ్మాజిపేట. పదెకరాల రైతు, ఉన్నప్పుడు. ఇప్పుడు ఎకరాలు లేవు గాని రైతుతనం ఉంది. తన పేరు చెక్కిన స్టీలు గ్లాసు తనకే. దాన్ని ఇంకొకరు ముట్టరాదు. రుక్కమ్మ చేతి గోలి ఆయన గొంతు దిగదు.

మేనేజర్ బాలకృష్ణ సారు ఒక ఉపాయం కనిపెట్టాడు. గోలి ఒలవకుండా, రేకుతో సహా కత్తెరతో కత్తిరించి, ఎవరి గిన్నెలో వాళ్లకు వేయాలి. ఎవరి రేకు వాళ్లే చింపుకోవాలి. రేకులో ఉన్నంతవరకు గోలికి అంటు లేదు. తాత ఒప్పుకున్నాడు. ఆయనకు ఉన్న రోగం దమ్ము, అంటే ఉబ్బసం, ఒక్కటే. దానికొక తెల్ల గోలి, పీల్చుకునే మందు డబ్బా ఒకటి. అయినా పద్ధతి అందరికీ పెట్టారు.

మింగారా లేదా అని చూసేవాళ్లు లేరు. 'ఇచ్చితిని' అన్న గడిలో టిక్కు పెట్టేది నేను. నా టిక్కులు చాలా అందంగా ఉంటాయి.

జూలై 9, ఆదివారం

కంటి క్యాంపు జీపు ఇరవై మూడో తారీఖున వస్తుంది. మహబూబ్‌నగర్ తీసుకుపోయి ఆపరేషను చేసి తెస్తారు. నర్సింహులు తాతకు రెండు కళ్లలోనూ పొరలే. మనుషుల్ని దగ్గును బట్టి గుర్తుపడతాడు. అయినా పోయిన రెండుసార్లూ జీపు మెట్టు మీద కాలు పెట్టి, తీసి, వెనక్కొచ్చేశాడట.

ఈరోజు వరండాలో భీమమ్మకూ ఆయనకూ పడింది. ఆమె కింద కూచుంటుంది, ఆయన బల్ల మీద. మధ్యలో రెండు మూరల దూరం. ఎన్నడూ తగ్గదు, పెరగదు.

"పటేలా, ఈసారన్న పోతవా, మళ్ల జీపుకు దండం పెట్టొస్తవా?"

"నీకేం తెల్సే భీమీ. కంట్ల సూది పెడ్తరంట."

"నా కాల్ల సలాక దిగింది పూనాల. నేనే పట్టుకొని గుంజిన."

"నీ గుండె వేరు, నా గుండె వేరు."

"గదే అంటున్న. ఉన్న గుండెకేమో గోలీలిస్తున్రు, లేని గుండెకు ఇయ్యరైతిరి."

తాత చిన్నగా అన్నాడు: "మనుమరాలు వచ్చింది పోయిన నెల. గొంతు విని గుర్తుపట్టిన. మొకం ఎట్లుందో తెల్వదు."

నేను మధ్యలో దూరి ఏదో జోకు వేశాను. ఏం జోకో గుర్తులేదు. ఎవరూ నవ్వలేదు కాబట్టి అది ఉత్తమ సాహిత్యమై ఉంటుంది.

జూలై 10, సోమవారం

నా వైద్య వృత్తి ఈరోజు ప్రారంభమైంది.

రుక్కమ్మ బియ్యం చెరుగుతోంది, ఇద్దరు అవ్వలు రాళ్లు ఏరుతున్నారు. భీమమ్మ నా దగ్గరికొచ్చి, "నాగేశా, గీ ఎర్రరేకు గోలి గుండెకే గద?" అంది.

"గుండెకే."

"ఏస్తే గుండె గట్టిగైతదా?"

"ఉక్కవుతుంది."

"మరి పటేలుకిస్తే?"

ఇంత మంచి బంతి వేస్తే కొట్టకుండా ఉండే మగాడు పుట్టలేదు. మెడలో తువ్వాలు స్టెతస్కోపులా వేసుకున్నాను. డాక్టరు సారు గొంతు తెచ్చుకున్నాను. రోగి పేరు: నర్సింహులు పటేలు. వ్యాధి: పిరికితనం, ముదిరినది. మందు: ఎర్రరేకు గోలి, పొద్దునొకటి, మాపునొకటి, క్యాంపు దాకా. ఫీజు: ఒక బీడీ.

రుక్కమ్మ నవ్వి నవ్వి చేట వదిలేసింది. అవ్వలు కళ్లు తుడుచుకున్నారు.

భీమమ్మ, "తిన్నంకనా, తినకముందా?" అంది.

"తిన్నంక."

ముఖంలో నవ్వు జాడ లేదు. ఈమె నాకంటే పెద్ద నటి. నాటకాల్లో ఉండవలసిన మనిషి.

జూలై 13, గురువారం

భీమమ్మకు కళ్లు తిరగడం తగ్గింది. పొద్దున గేటు దాకా ఒక్కతే నడిచి వెళ్లొచ్చింది. చార్టులో 'మందులు చక్కగా పనిచేయుచున్నవి' అని రాశాను. నా చేతిరాతకు బాలకృష్ణ సారు ముచ్చటపడ్డాడు.

నర్సింహులు తాత గడ్డం గీయించుకున్నాడు. క్యాంపుకు పోతానంటున్నాడు.

"ధైర్యమొచ్చిందా తాతా?"

"వచ్చింది పిలగా. గుండె జర నిమ్మలంగ కొట్టుకుంటున్నది."

జూలై 15, శనివారం

ముసురు పట్టింది. తాతకు దమ్ము ఎక్కువైంది. వానగాలికి మామూలేనని రుక్కమ్మ ఆవిరి పట్టింది. పీల్చే మందు మాటిమాటికీ పీలుస్తున్నాడు.

జూలై 17, సోమవారం

తాత పక్క దులుపుదామని దిండు ఎత్తాను. దాని కింద ఖాళీ రేకు ముక్కలు, ఎర్రవి. కత్తెర అంచులు. పది పైనే ఉంటాయి.

"గవ్వి తియ్యకు" అన్నాడు తాత, కనపడకపోయినా. "భీమి ఇచ్చింది. రేకుల ఉన్నయి, ఒలవలే. అంటు లేదు."

దిండు మళ్లీ పెట్టేశాను.

వంటగది వెనక చాలాసేపు నిలబడ్డాను. ఆలోచించాను. గుండెకు మంచి చేసే మందు. డాక్టరు రాసిన మందు. ఏ రోగమూ లేని భీమమ్మకే ఏడేళ్లు ఇచ్చిన మందు. దానివల్ల చెడేముంటుంది? రోగం రాకుండా ఇచ్చేదే కదా. ఒకరికి రాకుండా ఇచ్చేది ఇంకొకరికీ రాకుండా చేస్తుంది. తర్కశాస్త్రం ప్రకారం ఇందులో దోషం లేదు.

అదీగాక నేను చెప్పింది జోకు. జోకు మందు చీటీ కాదు.

జూలై 18, మంగళవారం

వాన. విశేషాలు లేవు.

జూలై 19, బుధవారం

తాత పడుకోలేకపోతున్నాడు. గోడకు ఆనుకుని కూచున్నాడు. డాక్టరు సారుకు ఫోను చేద్దామన్నాను. బాలకృష్ణ సారు, "దమ్మన్నంక రాదా? క్యాంపుల ఎట్లాగు పెద్ద డాక్టర్లు చూస్తరు" అన్నాడు. సాయంత్రం నేనే ఎస్టీడీ బూతుకు వెళ్లి చేశాను. సారు లేరన్నారు.

జూలై 20, గురువారం

నర్సింహులు తాత పొద్దున ఏడింటికి పోయాడు.

జూలై 20, మళ్లీ

ఆటో వచ్చేసరికే అయిపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. నేనే గ్లాసు పట్టాను, ఆయన పేరు చెక్కింది. నీళ్లు లోపలికి పోలేదు. పక్క నుంచి కారాయి.

జూలై 21, శుక్రవారం

చావు కాగితం మీద సంతకానికి డాక్టరు సారు వచ్చాడు. పక్క తీస్తూ రుక్కమ్మ రేకు ముక్కలు బయటికి తెచ్చింది. సారు ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి పేరు చదివాడు.

"అటెనలాల్. ఇది దమ్మున్నోడికి ఎవడిచ్చిండు?"

ముక్కను నా వైపు, బాలకృష్ణ సారు వైపు తిప్పాడు.

"గుండె వేగం తగ్గించే గోలి ఇది. దమ్మున్నోళ్లకు ఊపిరి గొట్టాలు బిగుసుకపోతయ్. ఇయ్యనే ఇయ్యొద్దు."

బాలకృష్ణ సారు చార్టు తీశాడు. ఆ గోలి నలుగురికి ఉంది. నలుగురికీ టిక్కులు ఉన్నాయి. అందమైన టిక్కులు.

పిలవకముందే భీమమ్మ వచ్చి నిలబడింది.

"నేనే ఇచ్చిన సారూ."

"ఎందుకిచ్చినవ్?"

"పటేలుకు గుండె లేదు. నాకున్నది. ఉన్నదాన్ని నేనెందుకు మింగాలె? లేనోనికి పొద్దునొకటి, మాపునొకటి ఇచ్చిన."

"నీ గోలి రోజుకు ఒకటేనాయె. రెండెట్ల ఇచ్చినవ్?"

"పక్కమంచం జమ్ములమ్మది అడుక్కున్న. ఆమెకు మింగితే ఎక్కిళ్లు వస్తయి. ఆమె తప్పు లేదు, ఎందుకని నేను చెప్పలే."

"రోజుకు రెండని నీకు ఎవరు చెప్పిన్రు?"

నేను తలుపు దగ్గర ఫైలు పట్టుకుని ఉన్నాను. రుక్కమ్మ నేల తుడుస్తోంది. తుడిచిన చోటే తుడుస్తోంది.

భీమమ్మ ఎటూ చూడలేదు. కాళ్ల కింద చూసింది.

"ఎవ్వరు చెప్పలే. నా మొండి బుద్ధే."

జూలై 22, శనివారం

ట్రస్టు వాళ్లు హైదరాబాదు నుంచి ఫోనులో మాట్లాడారు. పోలీసులదాకా పోనియ్యవద్దు. ఆమెను ఇక్కడ ఉంచవద్దు. తన ఇష్టప్రకారం, ఎవరూ చెప్పకుండా, ఎవరికీ తెలియకుండా గోలీలు ఇచ్చానని భీమమ్మ కాగితం మీద వేలిముద్ర వేయాలి.

నా దస్తూరి బాగుంటుందని నాతోనే రాయించారు. 'ఎవరూ చెప్పకుండా' అన్న దగ్గర ఇంకు పారలేదు. పెన్ను విదిలించి రాశాను.

భీమమ్మ వేలు నేనే పట్టి ఒత్తాను. చదివి వినిపించమంది. వినిపించాను. "మంచిగ రాసినవ్" అంది.

ఉప్పునుంతల దగ్గర ఆమె అన్న కొడుకు ఇల్లు ఉంది. వాళ్లు పూనా పోయారు, దీపావళి దాకా రారు. తాళం ఎవరి దగ్గరుందో ఆమెకే తెలియదు. ఆ సంగతి బాలకృష్ణ సారుకు చెప్పాను.

"నువ్వు పరేషాన్ గాకు. ఊరన్నంక ఎవరో ఒకరు చూస్తరు" అన్నాడు.

ఆమె మందుల సంచి కట్టిచ్చారు, నెలకు సరిపడా. మూడు రకాలు. చీటీ మీద, మార్పేమీ లేదు.

జూలై 23, ఆదివారం

కంటి క్యాంపు జీపు వచ్చింది. నలుగురు ఎక్కారు. తాత సీటు ఖాళీ గనక భీమమ్మను బస్టాండు దాకా అందులోనే పంపారు. దింపి రమ్మని నన్ను ఎక్కించారు.

బస్టాండులో నాగర్‌కర్నూల్ బస్సు కోసం కూచున్నాం. పక్కన కూచోమంటే కూచోలేదు. కిందే కూచుంది, రెండు మూరల దూరంలో.

"అవ్వా, నేను పోయి చెప్తాను, సారుతోని" అన్నాను.

"ఏం చెప్తవ్?"

"నేనే చెప్పానని."

"పిచ్చోడివా. వేలేసిన కాగితం మారుస్తరా? నీ నౌకరి పోతది, నేనేమన్న మళ్ల వస్తనా? మీ అమ్మకు నువ్వు ఒక్కనివేనంటివి గద."

ఇదంతా ఆమె అంటుందని నాకు తెలుసు. తెలిసే అన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది. రాస్తున్నాను.

కాసేపటికి అంది: "నాగేశా, నువ్వు సదువుకున్నోడివి. తెల్వక అడుగుతున్న. పటేలును నేనే సంపిననా?"

నా దగ్గర ఎప్పుడూ ఒక మాట ఉంటుంది. ఎవరు ఏమడిగినా ఉంటుంది. నోరు తెరిచాను.

బస్సు వచ్చింది. సంచి పైకి అందించాను. కిటికీ దగ్గర సీటు దొరకలేదు. లోపల ఎక్కడ నిలబడిందో కనబడలేదు.

జూలై 25, మంగళవారం

డ్యూటీకి పోలేదు. జ్వరమని చెప్పాను. జ్వరం లేదు.

ఉప్పునుంతల ఎస్టీడీ బూతుకు ఫోను చేశాను. భీమమ్మ ఎవరో వాళ్లకు తెలియదు. పూనా పోయినోళ్ల ఇల్లా, ఆ వాడకు తాము పోమన్నారు.

జూలై 27, గురువారం

నేనేం చేశాను అని మూడు రోజుల నుంచి లెక్క చూస్తున్నాను. ఏడేళ్ల కింద గోలి రాసింది ఎవరో పెద్ద డాక్టరు. నెల నెలా దాన్ని సాగదీసింది మా డాక్టరు. మింగారో లేదో చూసే పని లేని పద్ధతి పెట్టింది బాలకృష్ణ సారు. అంటు పట్టించుకుని ఆ పద్ధతి తెప్పించింది తాతే. ఇచ్చింది భీమమ్మ. నేను పదో తారీఖున ఒక జోకు వేశాను, నలుగురిలో, పగటిపూట, మెడలో తువ్వాలుతో. ఏ కోర్టులోనూ నిలవదు. అట్లా లెక్క తేలింది.

తేలలేదు. పద్దెనిమిదో తారీఖున వాన అని రాశాను. విశేషాలు లేవని రాశాను.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక భీమమ్మ వంటగది వెనక్కి వచ్చింది. నేను దిండు కింద రేకులు చూసిన మర్నాడు అది. కొంగు ముడి విప్పి ఎర్రరేకు గోలి చూపించింది.

"బిడ్డా, ఇది పెట్టినకాడ్నుంచి పటేలుకు దమ్ము ఎక్కువైంది. నాకేందో మంచిగనిపిస్తలేదు. ఇగ ఆపుదునా?"

వయసుకు నా అవ్వంత మనిషి. చదువు లేదు. చూసి, పోల్చుకుని, అనుమానపడి, వచ్చి అడిగింది. డాక్టరు నలభై నిమిషాల్లో చేయనిది ఆమె చేసింది.

ఆపమంటే అయిపోయేది. కానీ ఆపమంటే, మొదట చెప్పింది జోకని ఆమెకు చెప్పాలి. ఎనిమిది రోజులుగా నువ్వు నమ్మి పెడుతున్నది నా వేళాకోళమవ్వా అని, ఆమె ముఖం చూస్తూ చెప్పాలి. అది నావల్ల కాలేదు.

"ఆపకు అవ్వా. క్యాంపు దాకా ఇయ్యి" అన్నాను. నవ్వకుండా అన్నాను.